మచ్చల రాయి జాతి తేలిన రోజు

ఏరు చాలావరకు ఎండిపోయి, నేను మాత్రం ఎండకుండా మిగిలిన ఒక వేసవిలో జరిగిన సంగతి ఇది. నేను దున్నపోతును. అప్పట్లో ఇప్పటిలా ఎముకలగూడును కాను. నేను మడుగులో పడుకుంటే నీళ్ళు గట్టు దాటి పక్క ఊరి మళ్ళల్లోకి పారేవి. లేచి నిలబడితే చేపలకు మునగడానికి నీళ్ళు చాలేవి కావు. నా కొమ్ముల మధ్య ఒక గద్ద గూడు కట్టి, పిల్లల్ని పెంచి, ఎగరడం నేర్పి పంపించేసింది. నాకా సంగతి తెలియనే తెలియదు. నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు. కూర్చున్నవాళ్ళు నమ్మినట్టే లెక్క.

మా గులకవాగు వంపు తిరిగే చోట పెద్ద రాళ్ళమేట ఉండేది. తెల్లవి, నల్లవి, గుప్పెడంతవి, గోరంతవి, ఎటు చూసినా రాళ్ళే. మేట పక్కన నీళ్ళలోకి చాచుకుని ఒక చదునుబండ. ఆ బండ కింద మడుగులో నేను. బండ పైన నీటికుక్క కొలువు.

నీటికుక్కలన్నీ చేపల కోసం బతికితే ఇతగాడు రాళ్ళ కోసం బతికేవాడు. గట్టు మీది నేరేడు వేళ్ళ కింద తొర్రలో రాళ్ళు పేర్చుకునేవాడు. చారల రాయి, చేప ఆకారపు రాయి, చిల్లున్న రాయి, తడిస్తే రంగు మారే రాయి. వాటిని చూసుకుంటూ పస్తున్న రోజులు కూడా ఉన్నాయి. అతని చంకలో మాత్రం ఎప్పుడూ ఒక నున్నటి నల్లరాయి ఉండేది. పసితనంలో వాళ్ళమ్మ ఆడుకోమని ఇచ్చిందట. ఈదినా, పడుకున్నా అది చంక వదిలేది కాదు.

కొత్త రాయి దొరికిందంటే దానికి జాతి కట్టాల్సిందే. ఎలా కడతాడంటే, దాన్ని బండ మీద పెట్టి, చంకలోని నల్లరాయితో గట్టిగా ఒక్కటి వాయించి, చెవి వంచి వింటాడు. ఖంగుమంటే కంచు జాతి. బొణుక్కుమంటే కుండ జాతి. చప్పుడు లోపలే చచ్చిపోతే మొద్దు జాతి. జాతి తేలాకే తొర్రలో చోటు. ఆ తీర్పు వినడానికి వాగు చుట్టుపక్కల జీవాలు బండ దగ్గర చేరడం ఆనవాయితీ.

ఇంకో నియమం కూడా ఉంది. రాయి చూపిస్తాడు, దొరికిన చోటు చెప్పడు.

"చోటు చెప్పేస్తే అది నా రాయి కాదు తాతా, ఊరందరి రాయి అయిపోతుంది," అనేవాడు నాతో.

ఇక తీతువు. పొడుగుకాళ్ళ పిట్ట, కంటి ముందు ఎర్రటి తోలు. ఈ పిట్ట చెట్టెక్కదు, గూడల్లదు. రాళ్ళ మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్డు రాయిలా ఉంటుంది, రాయి గుడ్డులా ఉంటుంది. పక్కనే నిలబడ్డా కనిపెట్టలేరు. నాకెలా తెలుసంటారా? ఒకనాడు మేట మీదుగా నడుస్తున్నాను. నా అడుగు పడితే అప్పట్లో మూడు ఊళ్ళల్లో ఉట్లు ఊగేవి. సరిగ్గా నా గిట్ట కిందికి వచ్చి నిలబడింది ఈ పిడికెడు పిట్ట, రెండు రెక్కలూ చాపి, "దమ్ముంటే తొక్కు!" అంది. నేను పక్కకు తిరిగి వెళ్ళాను. భయపడ్డానని కొందరంటారు. అబద్ధం. నాకు అటువైపు పని ఉంది.

తిరిగేటప్పుడు గుడ్లు చూశాను. "తాతా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్," అంది. నా గిట్టల మీద ఒట్టేశాను. నోరున్న దున్నపోతుకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

సరే, ఆ రోజు. ఎండ రాళ్ళను వేయిస్తోంది. తీతువు నీళ్ళ దగ్గరికి వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకుంటోంది. ఆ తడితో గుడ్లను చల్లబరచడం ఈ పిట్టల పద్ధతి. మగపిట్ట మేతకు వెళ్ళింది. ఆ కాస్త వ్యవధిలోనే మేట మీదికి నీటికుక్క వచ్చాడు. ఒక చోట ఎన్ని మంచి రాళ్ళున్నా ఒక్కటే తీసుకోవడం అతని అలవాటు. ఒక్కటే తీసుకున్నాడు. పొట్టకు హత్తుకుని, పెళ్ళికొడుకులా నడుచుకుంటూ బండ మీదికి వచ్చాడు.

"తాతా! లే, లే! నీ జన్మలో చూసి ఉండవు!"

"నా జన్మలో నేను చూడనిది..." అంటూ తల ఎత్తాను.

మట్టిరంగు మీద బొగ్గు నలిపి చిలకరించినట్టు మచ్చలు. ఒక కొస సన్నం, ఒక కొస లావు. తీతువు గుడ్డు.

'ఒరే పిచ్చోడా, అది గుడ్డు!' అనడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే బండ అవతలి అంచున, నీడలో, ముందుకాళ్ళు చాపుకుని నక్కయ్య కూర్చుని ఉన్నాడు.

నక్కయ్య గురించి చెప్పేదేముంది? ఆకలేసినప్పుడు అందరికీ మామ, కడుపు నిండాక ఎవరికీ ఏమీ కాడు. ఆ ఎండలకు పక్కటెముకలు పైకి తేలి ఉన్నాడు. గుడ్డు అన్న మాట నా నోట వచ్చిందా, ఈ గుడ్డొక్కటే పోయేది కాదు. మేట మీద గూడుందని తేలుతుంది. మిగతావీ పోతాయి.

"ఏంటల్లుడూ, కొత్త రాయా?" అన్నాడు నక్కయ్య, మెల్లగా లేచి. ముక్కు ఒక్కసారి ఆడింది. గొంతు తేనెలా మారింది. "అబ్బ! ఎంత అందమైన రాయి!"

అతని గడ్డం నుంచి బండ మీద ఒక చుక్క పడింది. అప్పుడు అర్థమైంది నాకు. వీడికీ తెలిసింది. తెలిసి రాయి అంటున్నాడు. నిజం చెబితే నీటికుక్క గుడ్డుతో సహా పక్కనున్న మడుగులోకి దూకేస్తాడని, ఇక అది తన చేతికి చిక్కదని.

అప్పుడే రివ్వున వచ్చి బండ మీద వాలింది తీతువు. పొట్ట ఈకల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మగపిట్ట తిరిగి వచ్చి మిగతావాటి మీద కూర్చుంటే, తను పోయినదాన్ని వెతుక్కుంటూ వచ్చింది. గుడ్డును చూసింది. నక్కయ్యను చూసింది. నోరు తెరిచి మూసేసింది.

"రా అక్కా రా," అన్నాడు నీటికుక్క సంబరంగా. "నువ్వూ చూడు. ఈ మచ్చలు ఎవరైనా గీశారంటావా, పుట్టుకతోనే ఉన్నాయంటావా?"

"పుట్టుకతోనే, తమ్ముడూ," అంది తీతువు.

"అదే నేనూ అనుకున్నా. సరే, ఇక జాతి తేలుద్దాం." అంటూ గుడ్డును బండ మీద పెట్టి, చంకలోంచి నల్లరాయి తీసి, చెయ్యెత్తాడు.

"ఆగు!"

రెండు గొంతులు ఒకేసారి అరిచాయి. ఒకటి తీతువుది. రెండోది నక్కయ్యది. బండ మీద పగిలి పారితే అతనికి మాత్రం ఏం మిగులుతుంది?

నీటికుక్క చెయ్యి గాల్లోనే ఆగింది. "ఏమైంది?"

"మచ్చల రాయిని దెబ్బ కొడితే మచ్చలు రాలిపోతాయి తమ్ముడూ," అంది తీతువు, ఊపిరి తీసుకోకుండా.

"అక్షరాలా నిజం," అన్నాడు నక్కయ్య. "మా తాత కాలంలో ఇలాగే ఒక రాయి బోసిపోయింది."

తన బిడ్డను కాచే మాటకు నక్క వంత పాడితే ఆ తల్లికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక అడుగు వెనక్కి వేసింది.

నీటికుక్క నల్లరాయిని కిందికి దించి గుడ్డును మళ్ళీ పొట్టకు హత్తుకున్నాడు. "కొట్టకుండా జాతి ఎలా తేలుతుంది మరి?"

"పుట్టిన చోటును బట్టి తేలుతుంది," అన్నాడు నక్కయ్య, కబురు చెప్పుకుంటున్నంత తేలిగ్గా. "ఎక్కడ దొరికిందీ?"

"చెప్పను."

"మంచిదే, చెప్పకు. మనమనమే కాబట్టి అడిగాను. ఆ కొండవాలులో నీలం రాళ్ళ గుంట ఒకటుంది. ఇంతవరకు ఎవరి కన్నూ పడలేదు. నీకు చూపిద్దామనుకున్నా. పోనీలే."

నీటికుక్క మీసాలు వణికాయి. "నీలం రాళ్ళా? నిజంగా నీలమా, తడిస్తే నీలమా?"

"పొడిగా ఉన్నప్పుడే నీలం. తడిస్తే మెరుస్తాయి. చోటుకు చోటు అల్లుడూ. ఇచ్చిపుచ్చుకుందాం."

అయ్యలారా, రాళ్ళపిచ్చి ఉన్నవాడి ముందు నీలం రాళ్ళ మాట ఎత్తడమంటే నా ముందు పచ్చిజొన్న చొప్ప ఊపడమే. తీతువు ఎర్రతోలు తెల్లబడింది. నీటికుక్క గుడ్డును చూశాడు, కొండ వైపు చూశాడు, మళ్ళీ గుడ్డును చూశాడు.

"చోటు అంటే... మరీ దూరమేం కాదు మామా. అక్కడ ఇలాంటివి ఇంకా..."

దగ్గాను.

మామూలు దగ్గు కాదది. మడుగులో నీళ్ళు లేచి బండను కడిగేశాయి. గట్టు మీది నేరేడు చెట్టు పచ్చికాయలతో సహా అన్నీ రాల్చేసింది. వాగు ఆ పూటకు వెనక్కి పారిందని పై ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నక్కయ్య తోక దాకా తడిసిపోయాడు.

"ఏంటి తాతా ఇది?" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"గొంతులో ఈగ పడింది."

"ఈగకే ఇంత రాద్ధాంతమా?"

"పెద్ద ఈగ."

ఆ గందరగోళంలో నీటికుక్కకు తన నియమం గుర్తొచ్చింది. "లేదు మామా. చోటు చెబితే రాయి నాది కాకుండా పోతుంది. నీలం రాళ్ళు నువ్వే ఉంచుకో."

తీతువు కళ్ళు మూసి తెరిచింది. అయితే నక్కయ్య అంత తేలిగ్గా వదిలే రకమా? నింపాదిగా దులుపుకుని, ఇంకో అడుగు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు అతని మూతికీ గుడ్డుకూ మధ్య జానెడే ఎడం.

"సరే, చోటు వద్దు. దెబ్బ వద్దు. మిగిలింది రుచి."

"రుచా?"

"రాళ్ళకు రుచి ఉంటుందని తెలియదూ? ఇన్ని రాళ్ళు పోగేశావ్, ఒక్కటైనా నాకి చూశావా? కంచు జాతి వగరు. కుండ జాతి చప్పన. మొద్దు జాతి చేదు. నాలుక మీద ఒక్క క్షణం పెడితే చాలు, నేను చెప్పేస్తాను. మచ్చ చెరగదు, రాయి అరగదు. నీ రాయి మళ్ళీ నీ చేతిలోనే."

ఎంత సొగసుగా చెప్పాడంటే, నాకే ఒక క్షణం మడుగులోని రాయి ఒకటి నాకి చూడాలనిపించింది. నీటికుక్క సంగతి చెప్పాలా? రాళ్ళ గురించి తనకు తెలియనిది ఒకటుందని వినేసరికి కళ్ళు చక్రాల్లా అయ్యాయి.

"నోట్లో జాగ్రత్తగా పెట్టుకుంటావుగా మామా?"

"పసిపిల్లను పెట్టుకున్నట్టు."

తీతువు రెక్కలు విప్పింది. ఎగిరి నక్క కళ్ళు పొడవాలనో, గుడ్డు మీద పడాలనో. ఏం చేసినా గూడు బయటపడుతుంది. చేయకపోతే ఈ బిడ్డ పోతుంది. నేను మళ్ళీ దగ్గుదామని గొంతు సవరించుకున్నాను. నక్కయ్య నా వైపు చూడకుండానే, "ఈసారి ఈగను మింగెయ్ తాతా," అన్నాడు.

నీటికుక్క చెయ్యి చాపాడు. నక్కయ్య నోరు తెరిచాడు. ఆ కోరలు నేను చూశాను. నాలుక అంచు నుంచి తీగలా చొంగ సాగుతోంది.

సరిగ్గా అప్పుడు గుడ్డు లోపల నుంచి ఒక చప్పుడు.

టిక్.

వినడానికి చాలా చిన్నది. ఎండుటాకు మీద చీమ తుమ్మినంత. నాలాంటి చెవులున్నవాడికి వినబడింది, తల్లికి వినబడింది. చొంగ మింగుకునే తొందరలో ఉన్న నక్కయ్యకు వినబడలేదు. నీటికుక్క మాత్రం చెవులతో వినలేదు, అరచేతితో విన్నాడు.

టిక్. టిక్.

జీవితమంతా రాళ్ళను బయట నుంచి కొట్టి లోపలి చప్పుడు విన్నవాడు అతను. ఏ రాయీ ఎన్నడూ తనంతట తాను లోపలి నుంచి కొట్టలేదు. చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అరచేతి వైపు చూశాడు. తల ఎత్తి తీతువును చూశాడు. రెక్కలు సగం విప్పి, ముక్కు తెరిచి నిలబడి ఉందామె. పొట్ట ఈకల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. తర్వాత నన్ను చూశాడు. నేను ఆకాశంలో మబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ రోజు ఆకాశంలో ఒక్క మబ్బూ లేదు.

"ఏంటల్లుడూ, చెయ్యి తిమ్మిరెక్కిందా?" అన్నాడు నక్కయ్య నోరు తెరిచే ఉంచి.

నీటికుక్క గుడ్డును మెల్లగా వెనక్కి తీసుకుని పొట్టకు ఆనించుకున్నాడు. గొంతు మాత్రం మారలేదు.

"కాదు మామా. ఆనవాయితీ ఒకటి మరిచిపోయాను. జాతి చెప్పేవాడు రాయిని కళ్ళతో చూస్తూ చెప్పకూడదు. నేను కొట్టేటప్పుడూ కళ్ళు మూసుకునే వింటాను, చూశావుగా? కంటికి కనబడితే మనసు పక్షపాతం చూపిస్తుంది."

కొట్టేటప్పుడు అతను కళ్ళు మూసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. నక్కయ్యా చూసి ఉండడు. అయితే ముందున్న భోజనానికి అడ్డం పడేవాడు కాదు కాబట్టి, "అంతే కదా, మూసుకుంటా," అని కళ్ళు మూశాడు. ఒక రెప్ప కింద సందు వదిలాడు.

"సందు కనబడుతోంది మామా."

"పుట్టుకతోనే అంత. రెప్ప పొట్టి."

"అయితే గంత కట్టాలి," అంటూ నీటికుక్క నా వైపు తిరిగాడు. "తాతా, నీ తోక కాస్త ఇస్తావా?"

ఈ లోకంలో నా తోకను అంత గొప్ప పనికి అడిగినవాడు అతనొక్కడే. పొద్దుటి నుంచీ మడుగు బురదలో నానిన తోక అది. పేడ ఉంది, పాచి ఉంది, ఈగలు ఉన్నాయి. బండ మీదికి ఎత్తి నక్కయ్య కళ్ళ మీదుగా, ముక్కు మీదుగా, ఒక చుట్టు చుట్టాను. నోరు మాత్రం వదిలాను. ఆ తోకలోని సువాసనకు అతని ముక్కు ఆ తర్వాత ఒక వారం దాకా గులాబీకీ గుమ్మడికాయకూ తేడా కనిపెట్టలేదని అంటారు.

"త్వరగా కానివ్వు," అన్నాడు ఉక్కిరిబిక్కిరి అవుతూ.

నీటికుక్క ఎడమచేత్తో గుడ్డును తీతువు ముందు, బండ మీద ఎండ పడని పగులులో పెట్టాడు. తల్లి రాలిన ఈకలా దాని మీద వాలింది. కుడిచెయ్యి చంకలోకి వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆ రాయి అక్కడి నుంచి ఇంకొకరి నోట్లోకి ఎప్పుడూ వెళ్ళలేదు. అమ్మ ఇచ్చిన రాయి. గుడ్డంత పరిమాణం, గుడ్డంత నునుపు, ఒంటివేడికి గుడ్డంత వెచ్చన.

తీశాడు. నక్కయ్య నాలుక మీద పెట్టాడు.

"జాగ్రత్త మామా. పసిపిల్లను..."

మాట పూర్తి కాలేదు. 'అయ్యో, పొరపాటున గొంతులోకి జారిందల్లుడూ' అనే మాటను నక్కయ్య అప్పటికే సిద్ధం చేసుకుని ఉంటాడు. వెచ్చదనం తగలగానే ఆకలి ఆగలేదు. ఎన్నాళ్ళ ఆకలి ఉందో అంతా కూడగట్టుకుని దవడలు మూశాడు.

ఖంగ్!

వాగు అవతల కొండకు తగిలి ఆ చప్పుడు తిరిగి వచ్చింది. కొంగలు లేచి పోయాయి. తీతువు ఉలిక్కిపడి గుడ్డును ఇంకా దగ్గరికి లాక్కుంది. నా తోక కింద నక్కయ్య ఒళ్ళంతా కొయ్యబారింది.

నేను తోక తీశాను. ముందుకోర ఒకటి బండ మీద ఉంది. పక్కనే నల్లరాయి, చిన్న గీత కూడా పడకుండా.

నీటికుక్క వంగి, ఎంతో వినయంగా అడిగాడు. "ఏ జాతి మామా?"

నక్కయ్య రాయిని చూశాడు. రెక్కలు పరిచి కూర్చున్న తీతువును చూశాడు. ఆ ఒక్క చూపులో సంగతంతా అర్థమైపోయింది. 'ఇది నేను అడిగింది కాదు, మోసం!' అని అరవొచ్చు. అరిస్తే, ఏది అనుకుని కొరికావని అడుగుతారు. మడుగులోంచి నేను నిలబడ్డాను కూడా. అప్పటి నా ఎత్తు గురించి చెప్పాను కదా. అతని మీద సాయంకాలం పడింది.

"ఏ జాతో చెప్పలేదు మామా," అన్నాడు నీటికుక్క.

నక్కయ్య రెండు చేతులతో దవడ పట్టుకుని, "కంచు జాతి అల్లుడూ," అన్నాడు. "ఇంకా మోగుతోంది."

"సరిగ్గా చెప్పావు! తాతా, విన్నావా? చూడకుండా చెప్పేశాడు!"

"పండితుడు," అన్నాను నేను. "ఆ కోర వదిలేసి వెళ్ళకు పండితుడా, నీటికుక్క తొర్రలో పెట్టుకుంటాడు."

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

అతను పొదలు దాటాక నీటికుక్క నల్లరాయిని కడిగి చంకలో పెట్టుకున్నాడు. గుడ్డును రెండు చేతుల్లోకి తీసుకుని, తీతువు ముందు నడుస్తుంటే వెనకాల మేట మీదికి వెళ్ళి, తీసిన చోటే పెట్టి వచ్చాడు. వచ్చేటప్పుడు అతని ముఖం చూశాను. దొరికిన రాళ్ళన్నిట్లోకీ గొప్పది అదే. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"అక్కా, నేను... రాయనుకున్నాను," అన్నాడు.

"అలా అనుకోవాలనే కదా తమ్ముడూ ఆ మచ్చలు," అంది తీతువు.

ఎండ చల్లబడే వేళకు పిల్లలు బయటికి వచ్చాయి. వచ్చీ రాగానే కాళ్ళ మీద లేచి నడిచాయి. ఒకటి నా గిట్ట దాకా వచ్చి, ముక్కెత్తి, రెక్కల మొలకలు చాపి నిలబడింది. నేను పక్కకు తిరిగి వెళ్ళాను. నాకు అటువైపు పని ఉంది.

మర్నాడు నీటికుక్క తొర్ర దగ్గరికి వెళితే, వాకిట్లో ఒక సగం పెంకు. మట్టిరంగు మీద బొగ్గు మచ్చలు. పిల్లలు పుట్టాక ఈ పిట్టలు పెంకులను గూటికి దూరంగా మోసుకుపోయి పారేస్తాయి, జాడ తెలియకుండా. ఈ ఒక్క పెంకును మాత్రం ఎక్కడ పారేయాలో తీతువుకు ఎవరూ చెప్పలేదు. అది తొర్రలో అన్నిటికన్నా పై అరలో ఇప్పటికీ ఉంది. కొట్టి చూడలేదు కాబట్టి దానికి జాతి లేదు. ఎవరైనా అడిగితే, "మాట్లాడిన రాయి," అంటాడు.

నక్కయ్య సంగతంటారా? వాగు వెంట ఏ జీవి నోటికి ఏ రాయి దొరికినా పరుగున తీసుకెళ్ళి ఆయన ముందే పెడుతోంది. "చూడకుండా జాతి చెప్తావటగా పండితుడా, కాస్త కొరికి చెప్పవూ?" అని.

ఆయన పాపం కొరుకుతూనే ఉన్నాడు. కొరకనంటే ఆ రోజు ఏది అనుకుని కొరికాడో చెప్పాల్సి వస్తుంది.

నీతి: తెలిసింది దాచిపెట్టి కాజేయబోయినవాడు, నోట్లో పడింది రాయని మొరపెట్టుకోవడానికి కూడా నోచుకోడు.